సుబేదారు తాత మొహం

నా దగ్గరున్న దొరలందరూ అరచేతిలో ఇమిడిపోతారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫొటో తీయించుకుంటే పల్చటి కాగితం మీద అచ్చువేసి, దాన్ని దళసరి అట్టకు అంటించి ఇచ్చేవారు. ఇప్పటి విజిటింగ్ కార్డు కన్నా కాస్త పెద్దది, అంతే. యుద్ధానికి బయల్దేరే ముందు సైన్యాధికారులు అలాంటివి డజన్ల లెక్కన తీయించుకుని తల్లులకూ స్నేహితులకూ తోటివాళ్లకూ పంచిపెట్టేవారు. బర్మా యుద్ధానికి వెళ్లిన మద్రాసు సైన్యం వాళ్ల కార్డులు నేను సేకరిస్తాను. మా విజయనగరంలో కంటోన్మెంటు అనే పేట ఎందుకుందో తెలుసుకోవాలని డిగ్రీ చదివే రోజుల్లో మొదలుపెట్టిన పని ఇది. పెళ్లయ్యాక విశాఖలో ఒక పాత పుస్తకాల దుకాణంలో చిరిగిన ఆల్బం దొరకడంతో అలవాటుగా మారింది.

వాటిని బీరువాలో, పట్టుచీరల కింద, ఒకప్పుడు జంతికలు పోసుకున్న స్టీలు డబ్బాలో ఉంచుతాను. మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పారేయకుండా అందులో వేస్తాను. ప్రతి కార్డు వెనకా పెన్సిలుతో పేరు రాస్తాను. పేరు కచ్చితంగా తెలియకపోతే ఖాళీగా వదిలేస్తాను. "చచ్చిన దొరల్ని ఇంట్లో ఎందుకే పెట్టుకుంటావు?" అని మా అత్తగారు అప్పుడప్పుడూ సణుగుతారు. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూస్తారన్న సంగతి ఆవిడకు చెప్పలేదు. తెలిస్తే డబ్బాతో సహా దొరలు వీధిలో ఉంటారు.

నా సేకరణలో ఒక పెద్ద లోటుంది. ఆ దళాల్లో సిపాయిలూ వాళ్లపైన జమేదార్లూ సుబేదార్లూ మనవాళ్లే, ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్ల కార్డు ఒక్కటి కూడా నాకు దొరకలేదు. అందుకే ఆషాఢంలో ఒకరోజు పృథ్వీరాజ్ అనే అతను మా ఇంటికొచ్చి, "మేడమ్, మా తాతకి ముత్తాత సుబేదారండి. ఆయన ఫొటో మా ఇంట్లో ఉంది" అన్నప్పుడు, కాఫీ గ్లాసు అతని చేతికివ్వబోయి బల్ల మీద పెట్టేశాను.

పృథ్వీరాజ్‌కు చీపురుపల్లిలో ఎరువుల దుకాణం ఉంది. మా వారు రమేష్‌బాబు అక్కడి కరెంటాఫీసులో పనిచేస్తారు. నా సంగతి ఆయన ద్వారానే అతనికి తెలిసింది. వాళ్ల సొంతూరు చీపురుపల్లికి దగ్గరే. ఆ ఊళ్లో వాళ్ల వీధిని ఇప్పటికీ సుబేదారు వీధే అంటారు. వీధి మొదట్లో సుబేదారు అప్పలనరసింహం విగ్రహం పెట్టాలని పృథ్వీరాజ్ పట్టుదల. దసరాకి ముహూర్తం కూడా పెట్టించేశాడు.

"బొబ్బిలి నుంచి దేవేంద్ర అని శిల్పిని మాట్లాడానండి. ఒంటి వరకూ అయిపోయింది. మొహం దగ్గర ఆగిపోయాడు. ఫొటోలో ముక్కు ఎక్కడుందో తెలీడం లేదంటాడు."

"స్టూడియోలో బాగుచేయించలేదా?"

"చేయించానండి. ఫోన్లో తీసిన బొమ్మని కంప్యూటర్లో పెట్టి సినిమా హీరోలాగ చేసి ఇచ్చాడు. మా మామ్మకి చూపిస్తే, 'ఎవుడ్రా ఈడు?' అంది. ఆవిడ సరే అనకుండా మొహం ముట్టుకోనని దేవేంద్ర కూర్చున్నాడు. మీరొకసారి చూసి, అసలు మొహం ఎలా ఉంటుందో చెప్తే చాలండి."

ఫొటో ఇల్లు దాటి రావడానికి వాళ్ల మామ్మ ఒప్పుకోదట. నేనే వెళ్లాను.

*

పృథ్వీరాజ్ మామ్మ లక్ష్మీనరసమ్మగారికి ఎనభై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంది. కూతురు దేముడమ్మ భర్త పోయాక తల్లి దగ్గరే ఉంటోంది. ఆవిడకూ అరవై ఉంటాయి. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోపల్నుంచి ప్రశ్న వచ్చింది.

"తానం సేసే వచ్చినావా తల్లీ?"

చేశానన్నాను.

"అయితే రా. ఒసే దేముడూ, ఆవిడికి మజ్జిగియ్యే. ఎండన పడొచ్చింది."

"ఇస్తన్నానే. నీలాగ గుమ్మంలోనే తానాలు, మడులు అడగతన్నానేటి?" అంది దేముడమ్మ.

నట్టింట్లో తూర్పు గోడకు చిన్న గూడు. అందులో వెలుగుతున్న నూనె దీపం, దాని వెనక చెక్క ఫ్రేము, ఫ్రేముకు ప్లాస్టిక్ చామంతి దండ. అద్దం మీద పొగ పేరుకుని గోధుమరంగు తిరిగింది. ఆ రంగులోంచి గడ్డం, ఒడిలో అడ్డంగా పెట్టుకున్న కత్తి మాత్రం తెలుస్తున్నాయి. నుదురు ఉండాల్సిన చోట కందిగింజంత కుంకుమ.

"ఈ దీపం సుబేదారు తాత ఎట్టిందే" అంది లక్ష్మీనరసమ్మగారు. "బర్మా ఎల్లొచ్చి, తన సేత్తో ఎలిగించినాడట. మా పెద్దత్త సెప్పీది. పెద్దత్తంటే మా మావ తల్లి. సుబేదారు కోడలు, ఆయన్ని కళ్లారా సూసిన మనిషి. నాను కాపరానికొచ్చీసరికి ఆవిడికి సూపు పోనాది. సుబేదారు ఎట్టిన దీపం, ఆరనీకండర్రా అనీది. అప్పటికాణ్నుంచి నానే ఎలిగిస్తన్నాను. పెద్దల అమావాస్యకి కొత్త పంచె ఎడతాను, ఆకేస్తాను."

"తన ఫొటోకి తనే దీపమెట్టుకున్నాడంటే మా తాత గొప్పోడే" అంది దేముడమ్మ మజ్జిగ ఇస్తూ.

"నోర్ముయ్యే. మిలట్రీ మడిసి. ఆయనిట్టం."

దండ తీసి, ఫ్రేము దించి, నా ఒళ్లో ఆవిడే పెట్టింది. వెనక మేకులు పట్టకారుతో ఒక్కొక్కటే వదులు చేశాను. నేను తడిగుడ్డ అడగకుండా సంచిలోంచి మెత్తటి బ్రష్షు తీయడం చూసి దేముడమ్మ, "పిల్లకి కాటుకెట్టినట్టు సేస్తన్నాది సూడే" అంది తల్లితో. ఎప్పుడో ఒకసారి అద్దం పగిలి, కొత్తది వేయించేదాకా బొట్టు నేరుగా కాగితం మీదే పెట్టారు. నుదుట ఎర్ర మరక అలా వచ్చింది. మిగతాదంతా పొగచూరిన అద్దం తప్పే. కార్డు చాలా బాగుంది.

అద్దం పక్కన పెట్టి కార్డును కిటికీ వెలుగులోకి తిప్పాను.

మొదట చూసింది కళ్లు. ఆ కాలపు ఫొటోల్లో నీలికళ్లు దాదాపు తెల్లగా పడతాయి, గాజుగోళీల్లా. తర్వాత ఎడమ చెవి. దాని పైకొస తెగి ఉంది. ఆ తర్వాత కుర్చీ చేతికి చెక్కిన సింహం తల, దాని విరిగిన ముట్టె. ఆ చెవి, ఆ కుర్చీ రెండూ నాకు తెలుసు. పన్నెండేళ్లుగా నా బీరువాలో ఉన్నాయి.

"ఏటి తల్లీ, బాగా కనపడతన్నాడా?" అంది లక్ష్మీనరసమ్మగారు.

"కనపడుతున్నారండి."

"ముక్కు?"

"బాగానే ఉంది. ఇంటికెళ్లి నా దగ్గరున్నవాటితో ఒకసారి పోల్చి చూసుకుని చెప్తాను."

ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఆవిడ ఫ్రేమును గూట్లో పెట్టి, దండ వేసి, దీపంలో నూనె పోసింది.

*

ఆ రాత్రి వంటయ్యాక డబ్బా తెరిచి, లెఫ్టినెంట్ ఎడ్మండ్ ఫేర్లీని తీశాను. నా కార్డులో అతను అదే కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. వెనక అతని చేతి సంతకం, కింద రంగూన్, 1886. రెండు ఫొటోలూ ఒకే పూట, ఒకే గదిలో తీయించుకున్నవి. ఒకదానికి నిలబడ్డాడు, ఒకదానికి కూర్చున్నాడు.

ఫేర్లీ గురించి నాకు తెలిసింది కొంచెమే. పాత పత్రికలు పెట్టే ఒక వెబ్‌సైట్లో అతని మరణవార్త దొరికింది. ఎగువ బర్మాలో జ్వరంతో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. తల్లిదండ్రులు అంతకుముందే లేరు. పెళ్లి కాలేదు.

మా వారు ఫోనులో బొమ్మనూ కార్డునూ మార్చి మార్చి చూశారు. "ఇతనే. అయినా చెప్పకపోతే ఏం పోయిందిప్పుడు? సిమెంటు బొమ్మని ఐడీ కార్డు ఎవడడుగుతాడు?"

"అప్పలనరసింహం అని కింద పేరు రాసి పైన ఫేర్లీ తల పెడతారు."

"తలపాగా చుడతారుగా. తెలీదులే."

"నాకు తెలుసుగా."

ఇలాంటి చోట నాతో వాదించడం ఆయన ఎప్పుడో మానేశారు. కానీ ఆయన అనని మాట ఒకటుంది, అది నన్ను నిద్రపోనివ్వలేదు. విగ్రహం సంగతి సరే. ఆ గూటి ముందు అరవై ఏళ్లు నిలబడ్డ మనిషి ఏమైపోవాలి? నేను నోరు విప్పితే ఆవిడ చేసిందంతా ముక్కూమొహం తెలియని పరాయివాడికి చేసినట్టవుతుంది. విప్పకపోతే, బర్మా వెళ్లొచ్చిన అప్పలనరసింహానికి సొంత వీధిలోనే సొంత మొహం లేకుండా పోతుంది.

పృథ్వీరాజ్‌ను పిలిచి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"ఆహ్వాన పత్రికలు అచ్చు వేయించేశాను మేడమ్. ఊరంతా పంచేశాను" అన్నాడు. "మామ్మకి మాత్రం చెప్పకండి. దేవేంద్ర చేత నేను ఏదో ఒక మొహం పెట్టించేస్తాను."

"ఏ మొహం?"

అతను కార్డును బల్ల మీద పెట్టేశాడు.

"మీ మామ్మగారు సరే అంటేగాని అతను మొదలుపెట్టడు. ఆవిడ నన్ను అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"ఫొటో పాడైపోయింది, ఏం తెలీడం లేదని చెప్పండి."

"పాడవలేదు బాబూ. నేను చూసినవాటిలో అంత బాగున్నవి తక్కువ."

"మీకు ఫొటో ముఖ్యం మేడమ్. నాకు మా మామ్మ" అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"ఆవిడతో నేను అబద్ధం చెప్పలేను. మీరు పక్కనుండండి, నేనే చెప్తాను. ఆ తర్వాత విగ్రహం ఎలా అన్నది మీ ఇంటివాళ్ల ఇష్టం."

*

ఈసారి గుమ్మంలో ఆవిడ అడగకముందే స్నానం చేశానని చెప్పాను. దేముడమ్మ నవ్వింది. పృథ్వీరాజ్ గడప దగ్గరే గోడకానుకుని నిలబడ్డాడు.

ఇత్తడి పళ్లెం అడిగి, అందులో వాళ్ల కార్డూ నా కార్డూ పక్కపక్కన పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను. ఒక్క మాటా అవసరం పడలేదు. లక్ష్మీనరసమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని పళ్లేన్ని వెలుగువైపు తిప్పుకుంది.

"సెవి ఒకలాగే ఉన్నాది" అంది.

"ఒకే మనిషండి. ఈ నిలబడ్డ ఫొటో వెనక అతని సంతకం ఉంది. అతను ఇంగ్లీషు దొర. మీ సుబేదారుగారు పనిచేసిన మద్రాసు సైన్యంలోనే చిన్న అధికారి. మీ ఇంట్లోది సుబేదారుగారి ఫొటో కాదు."

పెరట్లో కోళ్ల చప్పుడు వినిపిస్తోంది. మొదట నోరు తెరిచింది దేముడమ్మే.

"ఓలమ్మా! అరవై ఏళ్లు దొరకి పప్పన్నం ఎట్టినావేటే? గొడ్డుమాంసం తినీవోడికి గుమ్మడికాయ పులుసా? ఎంత ఆకలితో ఉన్నాడో పాపం!"

"అత్తా!" అన్నాడు పృథ్వీరాజ్.

"నవ్వనీ" అంది లక్ష్మీనరసమ్మగారు. ఆవిడ నవ్వలేదు. పళ్లెంలోంచి చూపు తీయలేదు. "మరి మా తాతేడి? ఆయన ఫొటో ఏటైపోనాది?"

"అసలు తీయించుకున్నారో లేదో తెలీదండి. నాకెక్కడా దొరకలేదు. అప్పట్లో దొరలు తమ ఫొటోలు దగ్గరివాళ్లకి ఇచ్చేవారు. నమ్మకమైన సుబేదారుకి ఇచ్చి ఉంటాడని నా ఊహ. ఊహే, రుజువు లేదు."

"కుర్రోడిలాగున్నాడు."

"ఇరవై నాలుగేళ్లు. బర్మాలోనే జ్వరంతో పోయాడు."

"సుబేదారు తిరిగొచ్చినాడు, ఈడు రానేదు."

"అవునండి."

"తల్లీ తండ్రీ?"

"అప్పటికే లేరు."

"పెళ్లి?"

"కాలేదు."

"అయితే తర్పణం నీల్లొగ్గీవోలు నేరు." ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని కూతురి వైపు తిరిగింది. "ఒసే దేముడూ, మొన్న నువ్వేటన్నావే? తన ఫొటోకి తనే దీపమెట్టుకున్నాడా అని గదా?"

"నవ్వులకన్నానే."

"నవ్వులకే అన్నావు గాని నిజిం అన్నావు. ఎవుడేనా తనకి తను దీపమెట్టుకుంటాడేటి? బతికున్నోడు. ఆయన ఈ కుర్రోడికే ఎట్టినాడు. పెద్దత్త ఎప్పుడూ సుబేదారు ఎట్టిన దీపం అందిగాని, సుబేదారుకి ఎట్టిన దీపం అననేదు. నానే అడగనేదు. కొత్త కోడల్ని, మగోల్ల పటాల సంగతి అడగడానికి బయం. కత్తున్నాది, గెడ్డం ఉన్నాది, మనోడే అనేసుకున్నాను. మా అత్తా నాలాగే అనుకున్నాది."

పృథ్వీరాజ్ గోడ దగ్గర్నుంచి వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. "మరి ఇప్పుడెలా మామ్మా? తీసేద్దామా?"

"ఎందుకురా తీసీడం? నాను దీపమెట్టింది తాత ఎట్టమన్నోడికే. తప్పు సేసింది తాత కాడ. ఈడికి ఇన్నేళ్లూ ఆకేసినాను, ఆయనికి నేదు. పెద్దల అమావాస్య వస్తాది గదా, ఇంకో ఆకెయ్యండి. పీటెయ్యండి. పటం నేకపోతే పీట మీద పంచెడితే సాలదేటి?"

నేను కార్డును మళ్లీ ఫ్రేములో బిగించాను. కొత్త అద్దం తెచ్చాను. కాగితానికి అద్దం తగలకుండా అంచుల్లో సన్నటి అట్టముక్కలు పెట్టాను. ఇకమీదట బొట్టు అద్దం మీదే పెట్టమని అడిగితే ఆవిడ తలూపింది. నా కార్డును కవర్లో పెట్టుకుంటుంటే నా చేతివైపే చూస్తూ ఉంది.

"ఆణ్ని ఎక్కడెడతావు?"

"బీరువాలోనండి. డబ్బాలో."

"ఇంకా ఉన్నారా అలాగ?"

"చాలామంది ఉన్నారు."

"ఎవులూ ఏటీ ఎట్టరా?"

పేర్లు రాసి పెట్టానని చెప్పాను. "అదీ మంచిదే" అంది ఆవిడ. మీకు కావాలంటే ఈ కార్డు కూడా ఇక్కడే ఉంచుతానన్నాను. ఇవ్వాలనే అన్నాను, మనసు మాత్రం ఒప్పలేదు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. "ఒక్కడికి రెండాకులెందుకు? తీసుకుపో."

బయటికొస్తుంటే పృథ్వీరాజ్ మళ్లీ విగ్రహం సంగతి ఎత్తాడు. "మామ్మా, దేవేంద్రకేం చెప్పను? తాత మొహం ఎవరికీ తెలీదు కదా."

"తెలీదేటి? ఇది పుట్టినప్పుడు" అని లక్ష్మీనరసమ్మగారు దేముడమ్మను చూపించింది, "పురిటి మంచం కాడికొచ్చి పెద్దత్త ఈ గుంట మొహం తడిమి సూసినాది. సూపు నేదు గదా, సేత్తోనే సూసీది. నుదురు తడిమి, ముక్కు తడిమి, 'ఓలమ్మా, మా మావొచ్చినాడే' అన్నాది. మావంటే సుబేదారే. ఆయనకి అన్నం వడ్డించిన సెయ్యి అది. దీని మొహం సూసి సెక్కమను."

దేముడమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టేసింది. "నన్నా? మీసాలెట్టి ఈదిలో నిలబెడతారేటి నన్ను?"

"నీకు మీసం ఎట్టాలా? ఇప్పుడున్నది సాల్దా?" అంది తల్లి. ఆ రోజు ఆవిడ నవ్వడం అదే మొదలు.

*

దేవేంద్ర రెండు రోజులు వాళ్లింటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో దేముడమ్మను కూర్చోబెట్టుకుని మట్టితో నమూనా చేశాడు. సుబేదార్ల తలపాగా, కోటు ఎలా ఉండేవో పుస్తకాల్లో దొరికిన బొమ్మలు నేను పంపించాను. అతను విగ్రహానికి ముందే చేసేసిన భుజం బిళ్లలు తప్పని చెప్పి తీయించాను. అందుకు అతనికి నా మీద కోపమొచ్చింది. మధ్యలో దేముడమ్మ ఫోను చేసి, "ఏటమ్మా, కదలొద్దంటన్నాడు. పొయ్యి మీద కూర మాడిపోతన్నాది. సుబేదార్లు కూరొండుకోరేటి?" అని అడిగింది.

దసరానాడు మా వారూ నేనూ వెళ్లాం. ముసుగు తీశారు. కొబ్బరికాయలు కొట్టారు. నుదురు వెడల్పు, ముక్కు కాస్త మొండి, కింది పెదవి ముందుకు. ఎవరో గొడవకొస్తే ముందు వాళ్ల మాట పూర్తిగా విందామన్నట్టుంది ఆ మొహం. కింద నల్లరాయి మీద పేరు చదువుకున్నాను. అక్షరాల్లో తప్పుల్లేవు. ముసలాళ్లు కొందరు విగ్రహాన్నీ దేముడమ్మనూ మార్చి మార్చి చూస్తున్నారు.

భోజనాలకు ముందు నట్టింట్లోకి వెళ్లాను. గూట్లో దీపం వెలుగుతోంది. అద్దం శుభ్రంగా ఉంది, బొట్టు అద్దం మీదే ఉంది. గూటి కింద చెక్కపీట, దాని మీద మడత విప్పని పంచె. రెండింటి ముందూ రెండు ఆకులు. దొర ఆకులో గుమ్మడికాయ పులుసు పక్కన ఉడకబెట్టిన కోడిగుడ్డు ఒకటి ఉంది.

"అదెవరు పెట్టారు?" అని అడిగాను.

"నానే" అంది దేముడమ్మ వెనకనుంచి. "ఇన్నేళ్లూ పప్పే తిన్నాడు గదా. పండగపూటేనా తినీమని." అని, కిటికీలోంచి వీధి మొదట్లోని విగ్రహం వైపు చూసింది. "అది సర్లే గాని, మీసం మరీ ఎక్కువైపోనాది. ఆ దేవేంద్రకి ఒక మాట సెప్పవా?"